గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొరగారు



1977 నవంబరు ఉప్పెన తరువాత దివిసీమలో సహాయ జాబితాలు రాసిన గుమాస్తాలలో నేనొకణ్ణి. మా నాన్నగారి వయసున్న ఒక రైతు, బియ్యం జాబితాలో తన పేరు రాయమని నాకు చేతులెత్తి నమస్కరించాడు. ఆ క్షణాన నేను దేనికి ఒప్పుకోమన్నా ఒప్పుకునేవాడే. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒంగోలు క్లౌ దొరగారు జ్ఞప్తికి వస్తారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో సర్వే పని నేర్చారు. 1866లో బాప్టిస్టు మిషనరీగా ఒంగోలులో కాపురం పెట్టారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పినా, ఆయన మాదిగలను కాదనలేదు. తోళ్ళ వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్యగారు తనవారికి ఊరూరా క్రీస్తును గూర్చి చెప్పారు. నమ్మినవారు జాతరలలో డప్పు కొట్టడం మానేశారు. అందుకు దెబ్బలు తిన్నారు, బ్రతుకుతెరువు పోగొట్టుకున్నారు. అయినా వెనుదిరగలేదు.

1876-78లో ఘోరమైన కరువు వచ్చింది. దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వేలాదిమందికి కూలి ఇప్పించారు. ఆయన బోధకులే మేస్త్రీలు. పగలు మట్టిపని, విశ్రాంతి వేళల్లో సువార్త. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాడెవరో, క్రీస్తు కోసం వచ్చినవాడెవరో ఆకలి వేళ తేలదని ఆయనకు తెలుసు. కరువు సహాయం సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఆపేశారు.

1878లో సహాయం ముగిసింది. ఇక తనవద్ద డబ్బు లేదని చెప్పినా జనం కదలలేదు. తమకు సహాయం అక్కరలేదని, బాప్తిస్మమే కావాలని పట్టుబట్టారు. అప్పుడు ఒక్కొక్కరినీ విచారించి, జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

కూటికోసం కలిశారని తరువాత కూడా కొందరు అన్నారు. అందరి మనసులూ మనమెరుగం. కాని కూడు చేతిలో ఉన్నప్పుడు దొరగారు తలుపు మూశారన్నది మాత్రం నిజం. 1910లో ఆయన అమెరికాలో కన్నుమూశారు.

మన వయసులో పెన్షను మీద, పిల్లల మీద, సర్వీసు రిజిస్టరులో మచ్చ లేదన్న తృప్తి మీద ఆనుకుంటాం. నేనూ అంతే. అయితే రక్షణ విషయంలో ఇవేవీ చెల్లవు, క్రీస్తు ఒక్కడే ఆధారం. ఆ ఆధారానికి పిడికెడు బియ్యం కూడా తోడు కారాదనుకున్న దొరగారికి నా నమస్సులు.