భూప్రదక్షిణ చేసిన తొలి వనిత జీన్ బారే

కళాశాల ప్రాంగణములందును, ఇంటి ముంగిళ్ళయందును విరగబూయు కాగితపు పూలతీగెను ఎరుగని వారుండరు. దాని శాస్త్రనామమైన బోగన్‌విల్లా ఒక ఫ్రెంచి నౌకాధిపతి పేరుమీద ఏర్పడినది. ఆ తీగె ఏ యాత్రవలన శాస్త్రలోకమునకు తెలిసినదో, ఆ యాత్రలో మొక్కల సేకరణకై శ్రమించిన స్త్రీ పేరు మాత్రము చిరకాలము మరుగున పడిపోయినది. ఆమెయే జీన్ బారే.

ఈమె 1740లో ఫ్రాన్సు దేశపు బర్గండీ సీమలో నిరుపేద కుటుంబమున జన్మించినది. యౌవనమున ఫిలిబేర్ కామెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుని ఇంట పరిచారికగా కుదిరినది. బూగన్‌విల్ నాయకత్వమున సాగిన భూప్రదక్షిణ యాత్రకు ప్రభుత్వము కామెర్సన్‌ను నియమించినది. నౌకాదళపు ఓడలలో స్త్రీలు ప్రయాణించుట ఆనాడు నిషిద్ధము. అందువలన బారే పురుషవేషము ధరించి, ఆయన సేవకునిగా 1766 చివర ఓడ ఎక్కినది.

కామెర్సన్ కాలిపుండుతో బాధపడుచుండుటచే కొండలెక్కుట, బరువులు మోయుట ఆమె వంతయినవి. బ్రెజిలులోను, మెజెలాన్ జలసంధి తీరములందును ఆమె మొక్కలు సేకరించినది. 1768లో, తహీతి దీవికి చేరిన పిమ్మట, ఆమె స్త్రీయను రహస్యము బట్టబయలైనది. ఆ సంవత్సరము చివర వారిరువురును మారిషస్ దీవిలో నిలిచిపోయిరి. 1773లో కామెర్సన్ మరణించగా ఆమె పరదేశమున దిక్కులేనిదైనది. మరుసటి యేట ఒక ఫ్రెంచి సైనికుని వివాహమాడి, 1775 ప్రాంతమున స్వదేశము చేరుకొన్నది. ఆ విధముగా, మనకు తెలిసినంతలో, భూగోళమును చుట్టివచ్చిన తొలి మహిళ అయినది. 1785లో ఫ్రెంచి నౌకాశాఖ ఆమె సేవలను గుర్తించి ఏటా 200 లీవ్రుల భరణము మంజూరు చేసినది. 1807లో ఆమె కన్నుమూసినది.

ఆ యాత్రాఫలితముగా ఆరువేలకు పైగా నమూనాలు పారిస్ నగరమునకు చేరినవి. కామెర్సన్ పేరు డెబ్బదికి పైగా జాతులకు లభించినది. ఆయన ఒక మొక్కల ప్రజాతికి బారే పేరు పెట్టదలచినను అది నిలువలేదు. తుదకు 2012లో, దక్షిణ అమెరికాలో కనుగొన్న వంగ కుటుంబపు మొక్కకు శాస్త్రజ్ఞులు ఆమె పేరు పెట్టిరి. అప్పటికి ఆమె మరణించి 205 సంవత్సరములు గడచినవి.

విద్యార్థులారా! శాస్త్రగ్రంథమున పేరు కనబడనంత మాత్రమున శ్రమ లేకపోలేదు. ఏ ఆవిష్కరణను గురించి చదివినను, దాని వెనుక ఎవరి చేతులున్నవో కూడ విచారించుట మన విధి.