జిమ్ థోర్ప్

అమెరికా క్రీడాచరిత్రలో జిమ్ థోర్ప్ పేరు చిరస్మరణీయమైనది. ఆయన 1887లో, నేటి ఓక్లహామా రాష్ట్ర ప్రాంతంలో, శాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగకు చెందిన కుటుంబంలో జన్మించాడు. తెగవారు పెట్టిన పేరు వాథోహుక్. వెలుగు నిండిన బాట అని దాని అర్థం. బాల్యంలోనే కవల సోదరుణ్ణి పోగొట్టుకొన్నాడు.

1904లో ఆయన పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఆదివాసీ పాఠశాలలో చేరాడు. 1879లో పాత సైనిక శిబిరంలో నెలకొల్పిన ఆ సంస్థ ఆశయం విద్యాదానం ఒక్కటే కాదు. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించేవారు, మాతృభాషను నిషేధించేవారు, తమ తెగకు వారిని పరాయివారిని చేసేవారు. అటువంటి చోటనే దేశం నివ్వెరపోయే ఫుట్‌బాల్ జట్టు రూపొందడం విచిత్రం.

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తవచ్చు, విసరవచ్చు, గోల్ స్తంభాల మధ్యగా తన్నవచ్చు. ఎదిరి జట్టువారు మీదపడి నేలకూలుస్తారు. దేహబలం ప్రధానమైన ఈ ఆటలో, శిక్షకుడు పాప్ వార్నర్ తన బక్కపలుచని కుర్రవాళ్ళకు వేగాన్నీ యుక్తినీ ఆయుధాలుగా ఇచ్చాడు.

1911 నవంబరు 11న కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని ఎదుర్కొన్నది. ప్రత్యర్థిని తేలికగా తలచి, హార్వర్డ్ తన మేటి ఆటగాళ్ళను మొదట బరిలోకి దింపలేదు. థోర్ప్ కాలికి గాయమై ఉంది. అయినా కట్టు కట్టుకొని ఆడి, నాలుగుసార్లు బంతిని స్తంభాల మధ్యగా తన్నాడు. తన్నుకు మూడు చొప్పున పన్నెండు పాయింట్లు వచ్చాయి. కార్లైల్ 18-15తో గెలిచింది. మరుసటి వారమే సిరక్యూస్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆ సంవత్సరం వారికి అదొక్కటే పరాజయం.

1912 వేసవిలో థోర్ప్ స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ పోటీలలో రెండు స్వర్ణపతకాలు గెలిచి, తిరిగి పాఠశాల జట్టులో చేరాడు. నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంతో పోటీ. వూండెడ్ నీ వద్ద అమెరికా సైనికులు రెండు వందలకు పైగా లకోటా ప్రజలను చంపి అప్పటికి ఇరవై రెండేళ్ళే. భావి సైన్యాధికారులను ఆదివాసీ యువకులు ఆటస్థలంలో ఎదుర్కొన్నారు, 27-6తో ఓడించారు. ఓడిన జట్టులో ఐసెన్‌హోవర్ అనే యువకుడున్నాడు. తరువాతి కాలంలో ఆయన దేశాధ్యక్షుడయ్యాడు.

మూడు నెలలు గడవకముందే పిడుగుపడింది. 1909, 1910 సంవత్సరాలలో థోర్ప్ నార్త్ కరోలినాలో కొద్దిపాటి వేతనానికి బేస్‌బాల్ ఆడాడని 1913 జనవరిలో పత్రికలు వెల్లడించాయి. డబ్బు పుచ్చుకొన్నవారికి నాటి ఒలింపిక్స్‌లో చోటు లేదు. అలా ఆడిన కళాశాల విద్యార్థులు పలువురు మారుపేర్లు వాడుకొన్నారు. ఆయన మాత్రం సొంత పేరుతోనే ఆడాడు. అభ్యంతరాలు ముప్పై రోజులలోగా తెలపాలన్న నిబంధనను ఎవరూ పట్టించుకోలేదు. పతకాలు లాక్కున్నారు.

తరువాత ఆయన వృత్తి క్రీడాకారుడిగా బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆడాడు. కార్లైల్ పాఠశాల 1918లో మూతపడింది. థోర్ప్ 1953లో పేదరికంలోనే కన్నుమూశాడు. 1983లో పతకాల నమూనాలను ఆయన సంతానానికి అందజేశారు. అయినా సహవిజేతగానే గుర్తించారు. ఆ రెండు పోటీలకూ ఆయననే ఏకైక విజేతగా ఒలింపిక్ సంఘం 2022 జూలైలో ప్రకటించింది.