రాయవేలూరు డాక్టరమ్మ – ఐడా స్కడ్డర్ గారి జీవితము

మన ఊళ్లలో జబ్బు ముదిరి, దగ్గరలోని వైద్యులు ఇక తమ వల్ల కాదన్నప్పుడు, రాయవేలూరు తీసుకుపోదామని పెద్దలు అనుకోవడం ఎన్నో ఏళ్లుగా వింటున్నాము. ఆ రాయవేలూరు ఆసుపత్రిని స్థాపించినవారు డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్ గారని మన సంఘస్థులలో చాలామందికి తెలుసు. అయితే ఆసుపత్రి ఆమె చేసిన పనిలో సగము మాత్రమే. ఆడపిల్లలకు సైన్సు చదువు చెప్పి, వారిని డాక్టర్లుగా, నర్సులుగా నిలబెట్టడం మిగిలిన సగము. ఆడపిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ ఈ రెండవ సగమును తెలుసుకోవాలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఐడా గారు 1870 డిసెంబరు 9న రాణీపేటలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరూ అమెరికా నుండి వచ్చిన మిషనెరీ డాక్టర్లే. మన రాయలసీమ పెద్దలు ధాత కరువుగా చెప్పుకొన్న 1876–78 నాటి మహా క్షామాన్ని ఆమె పసితనంలోనే చూశారు. ఆకలితో సొమ్మసిల్లిన పిల్లల నోటికి రొట్టెముక్కలు అందించిన చెయ్యి ఆమెది. ఆ దృశ్యాలు ఆమెను ఇండియాకు దగ్గర చేయలేదు సరికదా, ఇంకా దూరం చేశాయి. అమెరికాలో చదువుకుంటూ, అక్కడే పెండ్లి చేసుకొని స్థిరపడాలనీ, కుటుంబమంతా నడిచిన మిషనెరీ దారి తనకు వద్దనీ ఆమె నిశ్చయించుకున్నారు.

తల్లికి జబ్బు చేయగా 1890లో ఆమె తిండివనం వచ్చారు. అప్పుడే ఆ రాత్రి వచ్చింది. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, తన భార్య ప్రసవించలేక బాధపడుతున్నదని, రమ్మని వేడుకున్నాడు. తన తండ్రి డాక్టరని, ఆయనను పిలుస్తానని ఐడా చెప్పారు. పరపురుషుడు తన భార్యను చూడరాదని అతడు వెళ్లిపోయాడు. తరువాత ఒక ముస్లిం, ఆ తరువాత మరొక హిందువు అదే కష్టంతో వచ్చి, అదే జవాబు చెప్పి తిరిగి వెళ్లారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. డాక్టరు గడప దాటితే ఉన్నాడు. స్త్రీ డాక్టరు లేకపోవడమే ఆ ముగ్గురికీ మృత్యువైంది.

ఆ ఉదయం ఐడా తన నిర్ణయాన్ని తల్లిదండ్రులకు తెలిపారు. తిరిగి అమెరికా వెళ్లి, మొదట ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో, తరువాత కార్నెల్ వైద్య కళాశాలలో చదివి 1899లో పట్టా పొందారు. కార్నెల్ వైద్య కళాశాలలో స్త్రీలకు ప్రవేశం దొరికిన తొలినాళ్లవి. వైద్య విద్యకు తలుపులు తట్టవలసి వచ్చింది మన దేశపు ఆడపిల్లలు మాత్రమే కాదు.

1900లో ఆమె వేలూరుకు వచ్చి, చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టారు. షెల్ అనే అమెరికా బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన 10,000 డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది. సాలోమి అనే స్థానిక స్త్రీ ఆమెకు తొలి సహాయకురాలు. సాలోమి ఏ కళాశాలా చదువలేదు. గాయం కడగడం మొదలు రోగిని కనిపెట్టుకొని ఉండడం వరకు పక్కన నిలబడి నేర్చుకున్నది. నేర్పితే నేర్వగలరన్న సంగతి ఐడా గారికి అక్కడే కళ్లకు కట్టింది. 1909లో నర్సుల శిక్షణ పాఠశాల ఆరంభమైంది.

రోగులు వందలుగా వస్తున్నారు. గుడియాత్తం దారిలో చెట్ల కింద కూడ బండి ఆపి వైద్యం చేయవలసి వస్తున్నది. ఒక్క డాక్టరమ్మ ఎన్ని ఊళ్లకు చాలుతుంది? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావాలని ఆమె గ్రహించారు. వైద్య పాఠశాలకు అనుమతి అడిగితే, మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖాధిపతి నమ్మలేదు. ఆరు దరఖాస్తులైనా వస్తే మొదలుపెట్టమన్నాడు. వచ్చినవి 151! అంతమందికి చోటు లేక కొద్దిమందినే తీసుకొని 1918లో పాఠశాల తెరిచారు. కొన్ని ఎముకలు, కొద్ది పుస్తకాలు, సూక్ష్మదర్శిని – అదే ఆస్తి. ఐడా గారే పాఠం చెప్పేవారు, తరగతి అయిన తరువాత శస్త్రచికిత్సకు వెళ్లేవారు.

ఆ పిల్లలు 14 మంది మద్రాసు రాష్ట్రంలోని మగ విద్యార్థులతో కలిసి ప్రభుత్వ పరీక్షకు కూర్చున్నారు. ఆ పరీక్ష కఠినమని, ఒకరిద్దరు తప్పినా బాధపడవద్దని ముందే ఓదార్చినవారున్నారు. పదునలుగురూ ఉత్తీర్ణులైనారు. నలుగురు మొదటి తరగతిలో వచ్చారు. ఆడపిల్లల తెలివిపై పెద్దలకున్న సందేహానికి ఇంతకన్న జవాబు ఏమి కావాలి?

1938లో మరొక పరీక్ష ఎదురైంది. ప్రభుత్వం పాత డిప్లొమాను ఎత్తివేసి, డాక్టర్లందరికి ఎం.బి.బి.ఎస్. ఉండాలన్నది. పాఠశాల మూతపడే స్థితి. అప్పటికి డెబ్బైకి చేరువైన ఐడా గారు విరాళాల కోసం అమెరికా అంతా తిరిగారు. 1942లో కళాశాలకు ఎం.బి.బి.ఎస్. తరగతులు వచ్చాయి. 1947లో మగపిల్లలకు కూడ ప్రవేశం కలిగింది. ఆడపిల్లల కోసం కట్టిన బడిలోకి మగపిల్లలు తరువాత వచ్చారు!

తెలుగు సంఘాలకు గర్వకారణమైన విషయం ఒకటున్నది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో ఆ కళాశాలకు అధిపతిగా నియమితులైన తొలి భారత స్త్రీ డాక్టర్ హిల్డా లాజరస్ గారు విశాఖపట్నంలో పుట్టిన క్రైస్తవ బిడ్డ. 1890లో, అనగా తిండివనంలో ఐడా గారు ఆ రాత్రిని చూసిన కాలంలోనే, ఆమె పుట్టారు. ఆడపిల్లకు పెద్ద చదువెందుకని ఆ ఇంటివారు అనుకొని ఉంటే, రాయవేలూరుకు ఆ అధిపతి దొరికేవారు కారు. ఐడా గారు 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించేనాటికి ఆమె విద్యార్థినులు దేశమంతటా వైద్యం చేస్తున్నారు.

ప్రియ సంఘస్థులారా, మన ఇళ్లలో ఏమి జరుగుతున్నదో ఒకసారి ఆలోచించుదాం. పదవ తరగతిలో అన్నకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకున్న చెల్లెలు, అన్న ఇంటర్మీడియెట్‌కు పట్నం పోతే, ఇంటిపట్టున ఉండిపోతున్నది. చక్కగా బొమ్మలు వేసే పిల్లను, కమ్మగా పాడే పిల్లను, అది కూడు పెట్టే విద్య కాదని ఆపేస్తున్నాము. అందరూ డాక్టర్లే కావాలని నేను అనడం లేదు. సైన్సు గాని, సంగీతము గాని, చిత్రకళ గాని, దేవుడు బిడ్డకు ఇచ్చిన తలాంతు ఏదో కనిపెట్టి, దానికి చదువు చెప్పించడం మన విధి. తలాంతును మట్టిలో పాతిపెట్టినవానికి ఏమి జరిగిందో మనకు తెలియనిది కాదు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. మీ సంఘములోని ఒక నర్సునో, లెక్చరరునో, సంగీతం టీచరునో ఒక ఆదివారం బడిపిల్లల ఎదుట నిలిపి, తానెట్లా చదివిందో చెప్పించండి. స్త్రీల మైత్రివారు ఏడాదికి ఒక్క బీద బాలిక ఫీజు భారము వహించండి. వేలూరులో ఆరు దరఖాస్తులు వస్తే చాలన్నచోట 151 వచ్చాయి. మన పిల్లలలో ఆశ లేకపోలేదు. దరఖాస్తు మీద తండ్రి సంతకమే ఆలస్యమవుతున్నది.