భూఖండములు కదలునని చెప్పిన వెగెనరు

జర్మనీ దేశమందు బెర్లిను పట్టణములో అనాథ పిల్లల ఆశ్రమమును నడిపిన రిచర్డు వెగెనరు అను ప్రొటెస్టెంటు బోధకుడుండెను. 1880 నవంబరు 1వ తేదీన ఆయన కడగొట్టు కుమారుడు ఆల్ఫ్రెడ్ జన్మించెను. తండ్రి ప్రాచీన భాషలు నేర్పువాడు. కుమారుని మనస్సు మాత్రము ఆకాశము మీదికి పోయెను. 1905లో ఖగోళశాస్త్రమందు డాక్టరు పట్టము పొంది, పిమ్మట గాలిని, వాతావరణమును పరిశోధింప మొదలుపెట్టెను. 1906లో అన్న కూర్టుతో కూడ బెలూనులో 52 గంటలకు పైగా ఎగిరి, అందరికంటె ఎక్కువ కాలము ఆకాశమందు నిలిచెను.

మన పిల్లల బడిలో గోడకు వ్రేలాడు ప్రపంచ పటమును చూడుడి. దక్షిణ అమెరికా తూర్పు తీరమును ఆఫ్రికా పడమటి తీరమును, పగిలిన కుండ పెంకులవలె, ఒకదానికొకటి అతుకునట్లున్నవి. ఇది చూచినవారు పూర్వమును కలరు. అయితే వెగెనరు అంతటితో ఆగలేదు. నీటిలో బ్రదికిన మెసోసారసు అను చిన్న ప్రాణి ఎముకలు బ్రెజిలులోను దక్షిణ ఆఫ్రికాలోను దొరకుచున్నవి. అది మహాసముద్రమును ఈదలేదు గదా! నాలుకవంటి ఆకులుగల గ్లోసోప్టెరిస్ అను చెట్టు గుర్తులు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, హిందూదేశము మూడింటిలోను రాళ్లయందున్నవి. మన గోదావరి లోయ బొగ్గు పొరలలోనివి ఆ కాలపు చెట్లే. కాబట్టి ఈ ఖండములన్నియు ఒకప్పుడు ఒకటిగానుండి విడిపోయెనని 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్టు సభలో చెప్పి, 1915లో గ్రంథము ప్రకటించెను.

పండితులలో అనేకులు ఒప్పుకొనలేదు, కొందరు ఎగతాళి చేసిరి. ఇంత బరువైన ఖండములను త్రోయు బలమేది అని వారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. వెగెనరు చూపిన బలములు చాలవు. ఆయన పోయిన ముప్పది యేండ్లకుగాని, 1960 తరువాతగాని, సముద్రపు అడుగును పరిశోధించినవారు జవాబు కనుగొనలేదు. భూమి పైపెంకు పెద్ద పలకలుగా చీలియున్నది. వాటి క్రింది రాయి మిక్కిలి వేడిచేత మెల్లగా ప్రవహించును. సముద్రము నడుమ చీలికలలో క్రొత్త నేల పుట్టుచుండగా, పాత నేల లోతైన అగడ్తలలో దిగిపోవును. మన దేశమును మోయు పలక ఏటికి సుమారు 5 సెంటిమీటర్లు ఉత్తరమునకు జరుగుచు, ఆసియాను త్రోయుచున్నది. హిమాలయములు లేచినది ఆ త్రోపువలననే. అచ్చటి భూకంపములును దానివలననే.

ఇవేవియు వెగెనరు చూడలేదు. 1930లో ఆయన నాల్గవసారి గ్రీన్లాండునకు, పరిశోధకుల నాయకుడై వెళ్లెను. తీరమునకు 400 కిలోమీటర్ల దూరమున, మంచు నడుమ, ఇద్దరు సహచరులు చలికాలమంతయు గడుపవలసియుండెను; వారికి కిరసనాయిలు, ఆహారము చాలవు. సెప్టెంబరులో ఆయన కుక్కల బండ్లతో బయలుదేరెను. వెంట వచ్చిన 13 మంది గ్రీన్లాండువారిలో 12 మంది చలికి తాళలేక మరలిపోయిరి. లోవె అను పండితుడును, రాస్ముస్ విల్లుమ్సెన్ అను యౌవనుడును మాత్రమే నిలిచిరి. నలువది దినములకు వారు చేరునప్పటికి బండ్లలో ఇంచుమించు ఏమియు మిగులలేదు. లోవె పాదముల వ్రేళ్లు మంచుకు చచ్చిపోయెను. అందరును అక్కడనే నిలిచినయెడల ఆహారము చాలదు. నవంబరు 1వ తేదీన, తన 50వ జన్మదినమున, వెగెనరు విల్లుమ్సెనుతో తిరుగు ప్రయాణమాయెను.

తీరమందున్నవారు చలికాలమంతయు ఎదురుచూచిరి. 1931 మేలో వెదకబోయినవారికి, సగము దారిలో, మంచులో నిలువుగా నాటిన స్కీ కఱ్ఱలు కనబడెను. క్రింద వెగెనరు దేహము, పరుపు సంచి తొడుగులలో జాగ్రత్తగా కుట్టబడి యుండెను. బహుశా శ్రమవలన గుండె ఆగినదని వారు తలంచిరి. ఆ గడ్డకట్టు చలిలో ఒంటరిగా ఆయనను పాతిపెట్టినవాడు విల్లుమ్సెనే. వెగెనరు జీవితము వ్రాయువారు ఇతని పేరు ఒక పంక్తితో దాటిపోవుట మాకు నచ్చదు. ఆయన దినచర్య పుస్తకమును తీసికొని ఆ యౌవనుడు తీరమువైపు సాగెను. కొంతదూరమువరకు అతని జాడలు కనబడినవి. అతడుగాని, ఆ పుస్తకముగాని మరెన్నడును దొరకలేదు.