కాలిన తీగలోంచి కరెంటు: ఓవెన్ రిచర్డ్‌సన్

పన్నెండో తరగతి ఫిజిక్సు పుస్తకంలో థర్మియానిక్ ఎమిషన్ అన్న మాట రెండు లైన్లలో వచ్చి పోతుంది. పరీక్షకు అంతే చాలనుకుంటారు మీరు. ఆ రెండు లైన్లను నమ్మించడానికి ఒక మనిషికి పన్నెండేళ్లు పట్టింది.

ఓవెన్ విలన్స్ రిచర్డ్‌సన్ 1879 ఏప్రిల్ 26న ఇంగ్లండులోని డ్యూస్‌బరీలో పుట్టారు. స్కాలర్‌షిప్పుతో కేంబ్రిడ్జిలో చేరారు. ఎర్రగా కాలిన లోహం చుట్టూ విద్యుత్తు ప్రవహిస్తుందని అప్పటికే తెలుసు, ఎందుకో మాత్రం తేలలేదు. 1901లో, ఇరవై రెండేళ్ల వయసులో, రిచర్డ్‌సన్ దానికి ఒక సూత్రం చెప్పారు.

పొయ్యి మీద ఎసరు చూడండి. కాగేకొద్దీ నీళ్లు ఆవిరై లేస్తాయి. లోహంలో ఎలక్ట్రాన్లూ దాదాపు అంతే. లోహం వాటిని పట్టి ఉంచుతుంది, ఆ పట్టు విడిపించుకునే వేగం ఉన్నవే బయటపడతాయి. టంగ్‌స్టన్ తీగ వేడిని 2000 కెల్విన్ నుంచి 2500కి పెంచితే కరెంటు కొన్ని వందల రెట్లు పెరుగుతుంది!

సూత్రం బాగానే ఉంది, కానీ చాలామంది ఒప్పుకోలేదు. గాజు బుడ్డిలో మిగిలిన గాలికీ వేడి లోహానికీ రసాయన చర్య జరిగి కరెంటు పుడుతోందన్నారు. గాలిని పూర్తిగా లాగేసే పంపులు లేని రోజులవి, కాబట్టి ఆ అనుమానం కొట్టిపారేసేదేం కాదు.

1906లో ఆయన అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్లారు. (అక్కడి శిష్యుడు డేవిసన్ ఆయన సోదరిని పెళ్లాడి, తరవాత తానూ నోబెల్ అందుకున్నారు. ఒకే ఇంట రెండు!) 1913లో టంగ్‌స్టన్ తీగతో తగవు తేల్చారు. తీగలోంచి వెళ్లిన ఎలక్ట్రాన్ల మొత్తం బరువు, తీగ కోల్పోయిన బరువు కన్నా ఎక్కువని తేలింది. అంటే తీగ కరిగిపోయి ఎలక్ట్రాన్లు రావడం లేదు, వెళ్లినవాటి చోటికి సర్క్యూట్లోంచి కొత్తవి వస్తున్నాయి. మిగిలిన గాలి కూడా అంత కరెంటుకు ఏ మూలకూ సరిపోదు.

1914లో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చేశారు. 1928 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. రేడియో వాల్వులన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి.

వేడినే కరెంటుగా మార్చొచ్చా? కాలే లోహం ఎదుట చల్లటి పలక పెట్టి, రెంటినీ బయట తీగతో కలపండి. ఎలక్ట్రాన్లు దాటుతాయి, కరెంటు వస్తుంది. టర్బైను అక్కర్లేదు, తిరిగే భాగమే లేదు. చిక్కల్లా మధ్యలో గుంపుకట్టిన ఎలక్ట్రాన్లు వెనకవాటిని నెట్టేయడం. అందుకే సందును వెంట్రుక కన్నా సన్నంగా ఉంచుతారు, లేదా సీజియం ఆవిరి నింపుతారు. ప్రయోగశాలల్లో ఈ పని ఊపందుకుంటున్న రోజుల్లోనే, 1959 ఫిబ్రవరి 15న, రిచర్డ్‌సన్ కన్నుమూశారు. 1987లో సోవియట్ యూనియన్ పంపిన కాస్మోస్ 1818, 1867 ఉపగ్రహాల్లో అణు రియాక్టరు వేడి ఈ దారిలోనే సుమారు 5 కిలోవాట్ల కరెంటుగా మారింది.