బిస్మార్కు కార్మికుల కొసగిన భీమా

బిస్మార్కనగానే మన విద్యావంతులకు మూడు యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. 1864 లో డెన్మార్కును, 1866 లో ఆస్ట్రియాను, 1870-71 లో ఫ్రాన్సును ఓడించి, చెదరియున్న జర్మను రాజ్యములను ఒక్క సామ్రాజ్యముగా కూర్చిన మంత్రి యతడు. ఆ సామ్రాజ్యము 1918 లో కూలిపోయినది. అతడు రాజకీయపు టెత్తుగా ఆరంభించిన కార్మిక భీమా మాత్రము నేటికిని నిలిచియున్నది. మేమిచ్చట ఆ రెండవ కథనే చెప్పదలచినాము.

1815 ఏప్రిలు 1వ తేదీన ప్రష్యాలోని షోన్‌హౌజెను గ్రామమున ఒక భూస్వామి కుటుంబమున బిస్మార్కు జన్మించెను. యౌవనమున సర్కారు కొలువులో చేరి, అది రుచింపక విడిచి, తండ్రి భూముల సేద్యము చూచుకొనెను. ముదుసలి పాలేరునకు ఇంత అన్నము పెట్టుట దొర ధర్మము, ఎదురు పలుకకుండుట పాలేరు ధర్మము అని నమ్మిన వర్గమది. మన గ్రామములకును ఈ నమ్మకము క్రొత్తది కాదు. 1862 లో ప్రష్యా ప్రధానమంత్రియై, 1871 లో సామ్రాజ్యపు ఛాన్సలరైన పిమ్మటను ఈ దొరబుద్ధి యతనిని వీడలేదని మా తలంపు.

ఆ కాలమున జర్మనీలో జనము పల్లెలు విడిచి గనులకును, కర్మాగారములకును తరలుచుండిరి. కర్మాగారమున యంత్రము క్రింద చేయి నలిగినచో, 1871 నాటి చట్టము ప్రకారము తప్పు యజమాని పక్షముదని కూలివాడే న్యాయస్థానమున నిరూపింపవలసియుండెను. సాక్షులా, అదే యజమాని కూలి తినువారు. అట్టి దావా ఎట్లు ముగియునో కోర్టు మెట్లెక్కినవారికి వేఱుగ చెప్పనక్కరలేదు. కొన్ని వృత్తులవారికి సహాయనిధులున్నను, తక్కినవారికి జబ్బుపడిన నాడు కూలి లేదు. కూలి లేని నాడు పొయ్యి రాజదు.

ఈ జనములో సోషలిస్టుల పలుకుబడి పెరుగుట బిస్మార్కునకు కంటగింపయ్యెను. 1878 లో చక్రవర్తిపై రెండుమార్లు హత్యాప్రయత్నము జరుగగా, దానిని సాకుగాగొని వారి సభలను, సంఘములను, పత్రికలను అణచు చట్టము చేయించెను. దండము ప్రయోగించిన పిమ్మట దానమునకు పూనుకొనెను. 1881 నవంబరు 17వ తేదీన చక్రవర్తి సందేశము ద్వారా కార్మిక భీమా ప్రకటితమయ్యెను. సర్కారు సొమ్ముతో పింఛను పొందువాడు సర్కారునకు విధేయుడై యుండునని అతని లెక్క. కాని ఆ యేటనే ప్రమాద భీమా బిల్లులోని సర్కారు సొమ్మును రైఖ్‌స్టాగు సభ కొట్టివేసెను. బిస్మార్కు మండిపడెను. ఆ ఓటమియే భీమాకు మేలు చేసినదని మేము తలంతుము.

ఏలయన, 1883 నాటి వ్యాధి భీమా చట్టము ప్రకారము చందాలో మూడింట రెండు పాళ్లు కార్మికుడే చెల్లించెను. మిగిలినది యజమాని వంతు. మందులు, వైద్యము ఉచితము. మూడవ దినము మొదలు పదమూడు వారములవరకు సగము కూలి. ఇది దొర పెట్టిన భిక్ష కాదు, తాను కట్టిన సొమ్ము. కట్టినవానికి పెత్తనమును వచ్చెను: స్థానిక నిధుల పాలకవర్గములలో కార్మికులకు మూడింట రెండు స్థానములు లభించెను. సభలో ఈ చట్టము నెదిరించిన సోషలిస్టులే కాలక్రమమున ఆ స్థానములలో కూర్చుండి, లెక్కలు వ్రాయుట, వైద్యులతో బేరమాడుట నేర్చిరి. బిస్మార్కు తన శత్రువులకు పాఠశాల కట్టించెనన్నమాట!

1884 నాటి ప్రమాద భీమా ఖర్చంతయు యజమానుల సంఘములపై బడెను. తప్పెవరిదను ప్రశ్న తొలగిపోయెను. యంత్రములకు కంచె వేయించు తనిఖీదారులన్నచో బిస్మార్కునకు గిట్టదు. వార్జినులోని అతని భూములలో కాగితపు మిల్లులుండెను గదా! ఐనను ప్రమాదములు పెరిగిన కొలది చందాలును పెరుగుచుండుటచే, యజమానుల సంఘములే జాగ్రత్త నియమములు విధింపసాగెను. 1889 లో వృద్ధాప్య, అంగవైకల్య పింఛను వచ్చెను. వృద్ధులకు 65 ఏండ్ల గడువు బిస్మార్కే పెట్టెనని పలువురు వ్రాయుదురు, అది పొరపాటు. అతడు పెట్టినది 70. 65 కు తగ్గినది 1916 లో. అంతకాలము బ్రదికిన కూలివారు కొద్దిమందియే గావున, శక్తి యుడిగినవారి పింఛనే యెక్కువమందికి అక్కరకు వచ్చెను. ఆ భీమా సంస్థలే పిదప క్షయరోగులకు ఆరోగ్యశాలలు కట్టించెను. రోగిని నయముచేయుట జీవితాంతము పోషించుటకంటె చౌక యని అవి గ్రహించెను.

ఇంత చేసినను ఎత్తు పారలేదు. 1890 ఎన్నికలలో సోషలిస్టులకు 14 లక్షలకు పైగా, తక్కిన కక్షలన్నిటికంటె ఎక్కువగా, వోట్లు వచ్చెను. ఆ మార్చి మాసముననే యువ చక్రవర్తి రెండవ విల్హెల్ము బిస్మార్కును పదవినుండి తొలగించెను. 1898 జూలై 30వ తేదీన ఫ్రీడ్రిక్స్‌రూలో అతడు మరణించెను.

1908 లో లాయిడ్ జార్జి జర్మనీ వెళ్లి ఈ పద్ధతిని కన్నులార చూచి వచ్చెను. 1911 లో బ్రిటను చట్టము చేసెను. మన దేశమున ఉద్యోగుల రాజ్య భీమా చట్టము 1948 లో పుట్టి, 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చెను. అందును కార్మికుడు, యజమాని ఇరువురును చందా కట్టవలెను. అది కర్మాగారములను దృష్టిలో నుంచుకొని చేసిన చట్టము. జర్మనీలోను 1883 చట్టము పొలము కూలీని విడిచిపెట్టెను; 1911 చట్టము అతనిని వ్యాధి భీమాలో చేర్చగా, 1914 లో గాని అది అమలు కాలేదు. భూస్వామి యైన బిస్మార్కు నాటి ఆ చట్టము, పొలమున కోతకోయువానిని ముప్పదియేండ్లు వెలుపలనే నిలిపెను.