తల్లుల్ని అడిగి తెలుసుకున్న డాక్టర్ లిటిల్

సెరిబ్రల్ పాల్సీ అనుమానం ఉన్న బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు ముందుగా తల్లిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. నెలలు నిండి పుట్టాడా? పుట్టగానే ఏడ్చాడా? కాన్పు కష్టమైందా? ఈ ప్రశ్నలకు వైద్యంలో ఇంత విలువ రావడానికి పెద్ద కారణం లండన్ డాక్టర్ విలియం జాన్ లిటిల్.

ఆయన 1810లో పుట్టారు. పసితనంలోనే పోలియో వచ్చి ఎడమ పాదం వంకరపోయింది. ఆ కాలితోనే వైద్యం చదివారు. జర్మనీలోని హానోవర్‌లో స్ట్రోమేయర్ అనే సర్జన్ చిన్న గాటు పెట్టి, మడమ వెనక బిగుసుకున్న బంధాన్ని చర్మం కిందే కోసి పాదం సరిచేస్తున్నారని తెలిసింది. 1836లో అక్కడికి వెళ్లి తన కాలికి ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్లకు మత్తుమందు ఇంకా రాని కాలం అది! ఆ పని తానూ నేర్చుకుని లండన్‌లో మొదలుపెట్టారు. కొడుక్కి స్ట్రోమేయర్ పేరే పెట్టుకున్నారు.

1840లో ఆయన చొరవతో కాళ్లూ చేతుల వంకరలకు లండన్‌లో ప్రత్యేక ఆసుపత్రి తెరుచుకుంది. అక్కడికి కొందరు పిల్లలు వేరే రకం బాధతో వచ్చేవాళ్లు. కాళ్లు కర్రల్లా బిగుసుకుని, కత్తెరలా ఒకదానిపై ఒకటి పడేవి. మునివేళ్ల మీదే నడిచేవాళ్లు. లోపం పాదంలో లేదని లిటిల్‌కు అర్థమైంది. తల్లుల్ని కూర్చోబెట్టి కాన్పు సంగతులు అడిగి రాసుకున్నారు. నెలలు తక్కువ, కష్టమైన కాన్పు, ఊపిరి ఆలస్యం... ఇవే మళ్లీ మళ్లీ వినిపించాయి. ఇలా సుమారు 20 ఏళ్లు చూశాక, పుట్టుక సమయంలో మెదడుకు తగిలే దెబ్బే దీనికి మూలమని 1861లో లండన్‌లో కాన్పు డాక్టర్ల సభ ముందు పెట్టారు. ఆ జబ్బును చాలాకాలం లిటిల్ వ్యాధి అనే పిలిచారు.

అందరూ ఒప్పుకోలేదు. మనస్తత్వశాస్త్రంతో పేరు తెచ్చుకున్న ఫ్రాయిడ్ అంతకుముందు పిల్లల నరాల డాక్టరు. కొందరిలో కడుపులో ఉండగానే లోపం మొదలై ఉంటుందని, కాన్పు కష్టం దాని గుర్తే కావచ్చని ఆయన 1897లో రాశారు. అప్పటికి లిటిల్ లేరు, 1894లోనే చనిపోయారు. బతికున్న బిడ్డ మెదడు లోపల చూసే దారి ఆ ఇద్దరికీ లేదు.

సీటీ స్కాన్ 1971లో, ఎంఆర్ఐ ఆ తర్వాత వచ్చాయి. తీరా చూస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. నెలలు నిండని చాలామంది పిల్లల్లో మెదడు మధ్య నీటి గదుల పక్కన దెబ్బ కనిపించింది. కాళ్లకు వెళ్లే తీగలు సరిగ్గా అక్కడి నుంచే పోతాయి. లిటిల్ చూసిన కాళ్ల బిగువుకు కారణం అదే. ఇంకొందరిలో లోపం పుట్టకముందుదే. కాబట్టి ప్రతి కేసులోనూ తల్లినో, కాన్పు చేసినవాళ్లనో నిందించడం తప్పు. ఇళ్లల్లో ఇప్పటికీ కోడలి మీదికే పోతుంది మాట.

కొందరికి జబ్బు ఉన్నా స్కాన్ మామూలుగానే వస్తుంది. అందుకే డాక్టర్లు బిడ్డ ఎదుగుదలను కూడా చూస్తారు. 4 నెలలు దాటినా మెడ నిలవకపోవడం, 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాది లోపే ఒక చేతినే వాడటం గమనించాల్సినవి. ఇలాంటి పరీక్షలకు ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లాల్లో డైక్ కేంద్రాలున్నాయి, ఫీజు ఉండదు.